మా అత్తగారు సున్నం వేసిన గోడ

రండమ్మా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చాప మీద కూర్చున్నా సరే, పీట కావాలన్నా సరే. గోడకి మాత్రం ఆనుకోకండి. ఇది అద్దిల్లు, తలనూనె మరక పడితే ఇంటిగలాయన మొహం మాడ్చుకుంటాడు. కొంచెం పొడుగు సంగతే చెప్పబోతున్నాను. పొయ్యి మీద ఏమన్నా పెట్టి వచ్చుంటే కట్టేసి రండి.

రాయడం నాకంత అలవాటు లేదు. పెంటపాడు బడిలో ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. నోటితో చెప్పినట్టే రాసుకుపోతాను, మీరూ చెవితో విన్నట్టే చదువుకోండి.

ఇది మా అత్తగారి ఇంటి సంగతి. ఆ ఇంటిని మా ఇల్లని మేమెప్పుడూ అనలేదు. పట్టా ఆవిడ పేరనే ఇచ్చారు, ఇల్లు కావాలని అంతలా కోరుకున్నదీ ఆవిడే. ఎందుకు కోరుకుందో ముందు చెప్పాలి. అది తెలీకపోతే ఆవిడ చేసిన పని పిచ్చిపనిలా కనపడుతుంది.

మా మావగారు ఏలూరులో ఒక కిరాణా కొట్లో కాటా దగ్గర పనిచేసేవారు. బెల్లం, చింతపండు, మిరపకాయలు, ఏది తూచి వస్తే ఆ వాసన వేసేవారు ఆయన. బతికినన్నాళ్ళూ అద్దె వాటాల్లోనే బతికారు. చివరికి ఆస్పత్రిలో పోయారు. ఆటోలో ఇంటికి తీసుకొచ్చేసరికి ఇంటిగలాయన గేటు మూసి, బయట నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషేం కాదు. తన పెరట్లో కాసిన ములక్కాడలు మాకు పంపించేవాడు. ఆ రోజు మాత్రం చేతులు జోడించి, "ఏవండీ, ఏమీ అనుకోకండి. నక్షత్రం మంచిది కాదంటున్నారు. లోపల దింపితే మేం నెలల తరబడి ఇల్లు మూసుకోవాలి. దయచేసి అటే తీసుకెళ్ళండి" అన్నాడు. అంత మర్యాదగా అన్నవాడితో దెబ్బలాడ్డం ఎలాగో మాకు తెలీలేదు.

వీధి చివర సైకిళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. అతను తన సామాను పక్కకి లాక్కుని చోటిచ్చాడు. పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి పక్కన మా మావగార్ని పడుకోబెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు రోడ్డు మీదే నిలబడ్డారు. ఆటోలు హారన్లు కొట్టుకుంటూ వాళ్ళ పక్కనించి పోయేవి. స్నానం అదీ శ్మశానం దగ్గరే చేయించారు. అత్తగారు ఏడవలేదు. కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. ఆ తర్వాత కర్మలన్నీ అయ్యాక మా ఆయన్ని పిలిచి ఒకటే మాట అంది.

"నన్ను మాత్రం నా ఇంట్లోంచి పంపించరా. పాకయినా సరే. వీధిలో పెట్టొద్దు."

ఆవిడకి కావలసింది అంతే. చీర అడగలేదు, బంగారం అడగలేదు, కాశీకి తీసుకెళ్ళమనలేదు. తరవాత జరిగిందంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

మా ఆయనకి పెదపాడు వైపు చేపల చెరువుల మీద పని దొరికితే అందరం అటు వెళ్ళిపోయాం. మేత బస్తాలు దింపించుకోవడం, చేపల పట్టుబడి రోజున లారీలకి ఐసు సర్దించడం ఆయన పని. అక్కడ ఉండగానే ప్రభుత్వం వాళ్ళు ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. వరిచేను మెరక చేసి వేసిన కాలనీ. ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారని తెలిసి, మా ఆయన నా పేరు రాయించబోతే నేనే వద్దన్నాను, ఆవిడ పేరు రాయించమన్నాను. పట్టా చేతికొచ్చిన రోజున ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పసుపు రాసి, బియ్యం డబ్బాలో దాచింది. కొన్నాళ్ళు మా అన్నం కూడా పసుపు వాసన వేసింది.

ఇటుకలు మేం కొనుక్కోలేదు. గుత్తకి తీసుకున్నవాడెవడో ఒక బట్టీ నించి కాలనీ మొత్తానికీ ట్రాక్టర్ల మీద తోలించాడు. ట్రాక్టరు వచ్చిందంటే అదొక తిరనాళ్ళ. అత్తగారు నడుం నొప్పి అనే మనిషి, ఆ ఇటుకల్ని పసిపిల్లల్ని దింపినట్టు ఒక్కొక్కటే దింపించుకుని పేర్చింది. గోడలు లేస్తుంటే బోదె కాలవలోంచి బిందెలతో నీళ్ళు తెచ్చి తడిపాం. పాలు పొంగించిన రోజున ఆవిడ ఇల్లంతా తిరిగి, వంటింటి మూల నిలబడి, "ఇక్కణ్ణించి ఎవరూ పొమ్మనరు కదా అమ్మాయ్" అని అడిగింది. పొమ్మనరత్తయ్యా అన్నాను.

మొదటి వానాకాలం పోయాక గోడల కింద తెల్లగా ఉప్పు పూసింది. ముందు చెమ్మ అనుకున్నాం. కొల్లేటి పక్క ఊళ్ళు కదా, చెమ్మ లేని గోడ ఎక్కడుంటుంది. తరవాత ప్లాస్టరు ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని వెనకాల ఇటుక బయటపడింది. గోరు పెట్టి గీరితే పిండి రాలేది. మేకు కొడితే నిలిచేది కాదు, క్యాలెండరు తగిలిస్తే తెల్లారేసరికి కింద ఉండేది. కంచంలో అన్నం పెట్టుకుంటే పంటి కింద కరకరలాడేది.

మా ఎదురింటావిడ వాకిట్లో బడ్డీకొట్టు నడిపేది. కోమట్ల ఆడపడుచు, నోరు బాగా ఆడుతుంది. పొద్దున్నే చీపురు పట్టుకుని, "ఏవండీ వదినగారూ, మా గోడ ఇవాళ మినప్పిండి ఆడింది, మీదేం ఆడింది?" అని అడిగేది. మాది శనగపిండండీ అని నేను. అలా నవ్వుకుంటూనే ఊడ్చేవాళ్ళం. మా అత్తగారు మాత్రం ఆ నవ్వులో కలిసేది కాదు. మేం లేవకముందే లేచి, రాలిన పిండంతా చేటలోకి ఎత్తి, పెరటి వెనక బోదెలో పారబోసి వచ్చేది. ఎవరన్నా అడిగితే మా గోడకేం, బానే ఉంది అనేది.

ఒక ఇంట్లో స్నానాలగది గోడ కూలాక కాలనీ ఆడవాళ్ళంతా కదిలారు. ఆటోలు మాట్లాడుకుని, అర్జీలు తీసుకునే సోమవారం నాడు ఏలూరు వెళ్ళాం. ఎదురింటావిడ ఒక ఇటుక చీరకొంగులో కట్టుకొచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టి రెండు చేతులతో నలిపింది. బల్ల నిండా ఎర్రటి పిండి. ఆయన కాయితాల మీద పడిన పిండిని ఊదుకున్నాడు, మా మాట మాత్రం పూర్తిగా విన్నాడు. అత్తగారు ఆ రోజు మాతో రాలేదు. మన ఇంటిని మనమే బజారులో పెట్టుకుంటామా అంది.

చాలాకాలం తిరిగాక కబురొచ్చింది. ఇటుకలు తీసుకెళ్ళి పరీక్ష చేయించారట. ఆ మన్ను కొల్లేటి పక్క పాత రొయ్యల చెరువుల అడుగు నించి తవ్వింది, ఉప్పు తాగిన మన్ను. దానికి తోడు బట్టీలో ఊక చాలక సగమే కాల్చి దింపేశారట. తప్పు ఇళ్ళవాళ్ళది కాదని తేలింది. ఇంటింటికీ ఇంజనీర్లు వచ్చి చూస్తారని, ఉండడానికి పనికిరాని ఇళ్ళ గోడ మీద ఎర్ర గుర్తు వేస్తారని, ఆ ఇళ్ళు పడగొట్టి మళ్ళీ కట్టుకోడానికి ప్రభుత్వమే ఇస్తుందని, అందాకా అద్దె కూడా ఇస్తుందని మైకులో చెప్పారు. కాలనీలో ఆ రోజు పండగే. అందరికీ వినపడింది మళ్ళీ కట్టిస్తారన్న మాట. మా అత్తగారికి వినపడింది పడగొడతారన్న మాట, అద్దె అన్న మాట. ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

అదే రోజుల్లో మా చెల్లెలికి తాడేపల్లిగూడెం ఆస్పత్రిలో ఆపరేషనయితే తోడుకి వెళ్ళాను. తిరిగి ప్యాసింజరు రైల్లో ఏలూరు దిగి, ఆటో పట్టుకుని కాలనీకి వస్తుంటే, మలుపు తిరగ్గానే మా ఇల్లు కనపడింది. వీధి వీధంతా పెచ్చులూడి, పుండ్లు పడ్డ ఒంటిలా ఉంది. మధ్యలో మా ఇల్లొక్కటే చేలో వాలిన కొంగలా తెల్లగా మెరిసిపోతోంది.

గోడలకి సున్నం, కింద ఎర్రమన్ను పట్టీ, వాకిట్లో ముగ్గు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఊడిన చోటల్లా బోదె బంకమన్నులో ఊకా పేడా కలిపి మెత్తి, నున్నగా అలికి, దాని మీద సున్నం వేసి ఉంది. వెతికినా పెచ్చు కనపడదు. అత్తగారు అరుగు మీద కూర్చుని చేతుల నిండా నూనె రాసుకుంటోంది. సున్నానికి చేతులు పగిలిపోయాయి.

"ఏంటత్తయ్యా ఇది?"

"బాగోలేదా?"

"బాగుంది. ఇప్పుడెందుకు వేశారు?"

"పెద్దవాళ్ళు ఇంటికొస్తున్నారని మైకులో చెప్పారుగా. ఇల్లు అలక్కుండా రానిస్తామా అమ్మాయ్?"

 ఎప్పుడొస్తారట అని అడిగాను. పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయారంది. ఎలా వచ్చారో, ఏం చేశారో ఆవిడ మురిసిపోతూ చెప్పింది. ఒక ఇంజనీరమ్మాయి, మనవరాలి వయసుంటుంది, పైన కోటు తొడుక్కుని స్కూటీ మీద వచ్చింది. ఆ పిల్ల వెనకాల ఎర్రరంగు డబ్బా పట్టుకుని ఒకతను. కుర్చీ తుడిచి వేస్తే కూర్చున్నారు. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగిస్తే తాగారు. వీధి మొత్తానికీ మీ ఇల్లు ముచ్చటగా ఉంది మామ్మగారూ, మీరు వేరే చోటి ఇటుక తెచ్చుకున్నారా అని ఆ పిల్ల అడిగిందట. ఈవిడ నవ్వి ఊరుకుందట. రంగు డబ్బా అతను ఊరికే నంబరు రాసుకోడానికి గోడ దగ్గరికి వెళ్తే, కొత్త సున్నం నాయనా, పాడవుద్ది అని చెయ్యి పట్టుకుందట. వాళ్ళూ నవ్వి పక్కింటికి వెళ్ళిపోయారు. పక్కింటికి ఎర్ర గుర్తు పడింది. ఎదురింటికి పడింది. వీధిలో అందరికీ పడింది.

మా ఆయన చెరువు మీంచి వచ్చి ఆ తెల్లగోడ చూసి, విషయం విని, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అరుస్తావా, అరుచుకో" అంది ఆవిడ.

"అరవడానికేముందమ్మా. ఇల్లు బాగుందని రాసుకుపోయారు. ఇంక మనకేమీ రాదు."

"బాగుందంటే మంచిదేగా."

"బాగుందా? నీకు తెలీదా?"

అప్పుడావిడ తల దించుకుంది. నూనె చేతులు చీరకి తుడుచుకుని, మెల్లిగా అంది. "పడగొడతారంటరా. పడగొడితే మళ్ళీ అద్దెకేగా వెళ్ళేది? నాకింకెన్నాళ్ళుందో నీకు తెల్సా? ఆ మధ్యలో నేను పోతే ఎవరి షెడ్డు కింద పెడతావు నన్ను?"

 మా ఆయన సైకిలు గోడకి ఆనించబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని వాకిట్లో వేపచెట్టుకి ఆనించాడు.

ఆ తరవాత వీధిలో ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. పొక్లెయినర్లు వచ్చాయి. ఆ ఇళ్ళు పడగొట్టడానికి పెద్ద కష్టం కూడా లేదు, ఇలా తోస్తే అలా కూర్చున్నాయి. ఎర్రటి దుమ్ము లేచి మా తెల్లగోడ మీద పడేది. అత్తగారు తడిగుడ్డ పెట్టి తుడిచేది. ఎదురింటావిడ సామాను ఆటోలో ఎక్కించుకుంటూ, "మీరు బంగళావాళ్ళు వదినగారూ, మేం పాకలవాళ్ళం, వెళ్ళొస్తాం" అంది. వేళాకోళానికే అంది. మా అత్తగారు లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మా ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఒకసారి బాగుందని నమోదయ్యాక మళ్ళీ చూడ్డం కుదరదని ఒకరు, అర్జీ పెట్టుకుంటే కుదురుతుందని ఒకరు. సెలవు పెట్టిన రోజున కూలి పోయేది. ఇంటికొచ్చి ఆయన ఏమీ చెప్పేవాడు కాదు, ఆవిడా అడిగేది కాదు. ఇద్దరి మధ్యా నేను అన్నం గిన్నె జరుపుతూ కూర్చునేదాన్ని.

వాయుగుండం పట్టినప్పుడు మెత్తిన మన్నంతా నాని జారింది. ఒక మధ్యాహ్నం వేళ, నేను పెరట్లో గిన్నెలు తోముకుంటుంటే బరువైన బస్తా పడేసినట్టు చప్పుడయింది. పరిగెత్తుకొచ్చాను. పడమటి గోడ సగం లోపలికి పడింది. అత్తగారు మంచం మీద కూర్చునే ఉంది. ఇటుకలు మంచం కోడు దాకా వచ్చి ఆగాయి. సున్నం ముక్కలు ఆవిడ ఒడిలో పడ్డాయి. గోడ ఉండాల్సిన చోట చెరువు గట్టు, దాని మీద తడిసి ముద్దయి నిలబడ్డ గేదె కనపడుతున్నాయి. ఆవిడ ఆ గేదెనే చాలాసేపు చూసింది. ఒడిలో ముక్కలు దులపలేదు. తరవాత నా వైపు చూడకుండా, "వాళ్ళని మళ్ళీ రమ్మనమ్మాయ్" అంది.

ఈసారి వచ్చింది కూడా ఆ ఇంజనీరమ్మాయే. ఇంకో పెద్దాయన్ని తోడు తెచ్చుకుంది. పడిన గోడ ఒకటి చూస్తే చాలదు, మిగతా గోడలు ఎలా ఉన్నాయో పైపూత తీసి చూడాలన్నారాయన. మా ఆయన పలుగు తీసుకోబోతే అత్తగారు ఆపింది. తనే కొడవలి తెచ్చుకుని గోడ పక్కన కూర్చుంది. తను వేసిన సున్నం, తను మెత్తిన మన్ను, తను పెట్టిన ఎర్ర పట్టీ, అన్నీ గీరడం మొదలుపెట్టింది. చేప పొలుసు గీరినట్టు గీరింది. లోపల ఇటుక దొరికాక కొడవలి కొన దింపితే పిడి దాకా వెళ్ళిపోయింది. ఆవిడ పక్కకి జరిగి వాళ్ళకి చోటిచ్చింది.

ఇంజనీరమ్మాయి కిందికి వంగి చూసి, "అప్పుడే చెప్పాల్సింది కదా మామ్మగారూ" అంది. కోపంగా అనలేదు.

"అప్పుడు మీరు మొదటిసారి మా ఇంటికొచ్చారమ్మా" అంది అత్తగారు.

 వెళ్ళేటప్పుడు ఆ పిల్ల రంగు డబ్బా తనే తీసుకుని గుర్తు వేసింది. ఆ రోజు మేం మజ్జిగ ఇవ్వడం మర్చిపోయాం.

మంజూరు వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. అద్దెకి చూస్తే కాలనీ మొత్తం అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నీ నింపేసింది. తిరిగి తిరిగి ఇదిగో, ఏలూరు శివార్లో ఈ వాటా దొరికింది. ఇంటిగలాయన అన్నీ మాట్లాడుకున్నాక, రిక్షా బండి మీంచి దిగుతున్న అత్తగారి వైపు చూసి, "పెద్దావిడకి ఒంట్లో బానే ఉంటుందాండీ?" అని అడిగాడు. ఆరోగ్యం కనుక్కోవడం లాగే ఉంది మాట. ఆయన అడిగింది ఏమిటో మాకు ముగ్గురికీ తెలుసు. మా ఆయన బానే ఉంటుందండీ అన్నాడు. అత్తగారు గబగబా నాలుగడుగులు వేసి మరీ లోపలికొచ్చింది, తను గట్టిగానే ఉన్నట్టు కనపడాలని.

ఈ వాటాలో ఆవిడ దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. గోడ అవతల వినపడుతుందని భయం. మందులు కూడా నా చేత గుట్టుగా తెప్పించుకునేది.

అక్కడ కాలనీలో కొత్త ఇళ్ళు మొదలయ్యాయి. ఈసారి ఇటుకల ట్రాక్టరు వస్తే ఆడవాళ్ళం అందరం చుట్టుముట్టేవాళ్ళం. తలా ఒక ఇటుక తీసుకుని నాలుకతో నాకి చూసేవాళ్ళం, ఉప్పగా ఉందా లేదా అని. డ్రైవరు పగలబడి నవ్వేవాడు. ఎదురింటావిడ అతనితో, "నవ్వుతావేంటి అబ్బాయ్, నువ్వూ ఒకటి నాకు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు" అంది. చప్పగా ఉంటేనే దింపనిచ్చేవాళ్ళం. నాకిప్పటికీ నాలుక మీద ఆ ఎర్రమన్ను రుచి ఉంది.

డబ్బు విడతల మీద వచ్చేది. ఇంత లేస్తే ఇంత. వచ్చి ఫొటో తీసుకోవాలి, అది పైకి వెళ్ళాలి, అప్పుడు రావాలి. మిగతావాళ్ళకి మాకంటే ముందే మొదలయింది, వాళ్ళ గోడలు లేచిపోయాయి. మా ఇల్లు పునాది దగ్గరే వానకి తడుస్తూ ఉండిపోయింది. అత్తగారు రోజూ కొడుకు వచ్చే వేళకి గడపలో కూర్చుని ఎంతదాకా వచ్చిందిరా అని అడిగేది. మొదట్లో ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. అది విన్న రోజున ఆవిడ అన్నం సగంలో వదిలేసేది. అందుకని ఆయన మెల్లిగా గోడలు లేపడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ దాకా వచ్చిందమ్మా. కిటికీల దాకా వచ్చిందమ్మా. నాతో ఒక్కసారి మాత్రం, చెప్పేటప్పుడు నాకు నిజంగానే ఇల్లు కనపడుతోందే అన్నాడు.

నిజానికి అక్కడ పునాది మట్టం మీద ఒక్క ద్వారబంధం నిలబడి ఉంది. ముహూర్తం దాటిపోతుందని పంతులుగారు తొందరపెడితే, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి నిలబెట్టాం. రెండు వైపులా కర్రలు ఆనించారు. అటూ ఇటూ గోడ లేదు.

చలికాలం వచ్చేసరికి అత్తగారు మంచం మీంచి లేవలేకపోయింది. డాక్టరు చూసి, ఇంక ఇంటి దగ్గర చూసుకోండి అన్నాడు. ఇంటిగలాయన ఆ సాయంత్రమే వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఏవండీ, ఏమీ అనుకోకండి అని మొదలుపెట్టాడు. మా ఆయన వింటూ నేల వైపు చూస్తున్నాడు. లోపల్నించి అత్తగారి గొంతు వచ్చింది.

"ఒరే, గోడలు లేచాయన్నావుగా. ఇంక తీసికెళ్ళు."

నేను మా ఆయన మొహం చూశాను. ఆ మొహం ఇంకెప్పుడూ చూడకూడదు అనుకున్నాను.  మర్నాడు పొద్దున్నే ఆటో పిలిచాడు.

ఆవిణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాను. దారిపొడుగునా చేపల చెరువుల మీద ఎండ. ఆటో ఆగాక మా ఆయన తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని, ద్వారబంధంలోంచి నడిచి, మట్టం మీద వేసిన మడతమంచం మీద పడుకోబెట్టాడు. ఆవిడ కళ్ళు తెరిచి ఈ పక్క చూసింది. చేలు. ఆ పక్క చూసింది. చెరువు గట్లు. పైకి చూసింది. ఆకాశం. మా ఆయన మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు, ఏదో ఒకటి అంటుందని.

"గాలి బాగా వస్తోందిరా" అందావిడ.

అంతే, ఇంక గోడల మాట ఎత్తలేదు.

ఎదురింటావిడ తన కొత్తింటి వాకిట్లోంచి టార్పాలిను బరకం తెచ్చి పైన కట్టించింది. తన వంటింట్లోంచి మాకు అన్నం పంపింది. కాలనీ ఆడవాళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చున్నారు. దగ్గు వస్తే అత్తగారు కొంగు అడ్డం పెట్టుకోకుండా దగ్గింది. ఎన్నాళ్ళో ఉండలేదు. ఒక పగటిపూట, మేమంతా చుట్టూ ఉండగా, నేను నోట్లో పోసిన తులసినీళ్ళు బయటికొచ్చేశాయి.

స్నానం అక్కడే, మా పెరట్లోనే చేయించాం. ఎవర్నీ అడగలేదు. పాడె ఎత్తేటప్పుడు ఒక సంగతి జరిగింది. గోడలు లేవు గదా, ఏ పక్కనించయినా మట్టం దిగి వెళ్ళిపోవచ్చు, దగ్గరిదారి కూడా అదే. మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, ద్వారబంధం ముందుకొచ్చి, తలలు వంచి, పాడె తగలకుండా భుజాలు దించుకుని అందులోంచే బయటికి నడిచారు. వెనకాల మేమందరం కూడా ఒకళ్ళ వెనక ఒకళ్ళం దాంట్లోంచే వచ్చాం. 

మేం ఇంకా ఈ అద్దిల్లు ఖాళీ చెయ్యలేదు. గోడలు కిటికీల దాకా లేచి ఆగాయి. పట్టా ఆవిడ పేరు మీద ఉంది, తరవాతి విడత పడాలంటే ఆవిడ వేలిముద్ర కావాలి. వారసులని రుజువు చేసుకోండి, పేరు మారుస్తాం అంటున్నారు. మారుస్తారు, ఇవ్వం అని ఎవరూ అనలేదు. ఆ ఇంజనీరమ్మాయి ఒకసారి నేనక్కడ ఉండగా అటుగా వచ్చి, స్కూటీ ఆపి, కిటికీ దాకా లేచిన గోడ మీద చెయ్యి వేసి చూసి, మామ్మగారు లేరా అని అడిగింది. లేరమ్మా అన్నాను. మజ్జిగ తాగి వెళ్ళమన్నాను. గ్లాసు ఎదురింట్లోంచి తెచ్చిచ్చాను.

ఇంతేనమ్మా. చీకటి పడకముందే బయల్దేరండి, మీ ఇళ్ళల్లో మీ కోసం చూస్తుంటారు. మీ గోడలు చప్పటి ఇటుకతో గట్టిగా నిలబడాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు దాచుకోకుండా దగ్గాలి, పిల్లలు గోడ నిండా బొగ్గుతో గీతలు గీసి తిట్లు తినాలి. వచ్చినవాళ్ళు మీ గడపలో చెప్పులు విప్పుకుని చల్లగా కూర్చోవాలి. మీరంతా ఒకే కప్పు కింద చాలాకాలం, చాలా చాలాకాలం, ఎవరూ పొమ్మనకుండా ఉండాలి తల్లీ.